మీ కుక్కకి మూత్రంలో రాళ్ళా? తిండి మార్చే ముందు అది ఏ రాయో తేల్చుకోండి

మా చిట్టి స్పిట్జ్ జాతి కుక్క, ఆడది, 9 కిలోలు, అప్పటికి దానికి నాలుగేళ్ళు. ఎప్పుడూ ఇల్లు పాడుచెయ్యని పిల్ల, ఒకరోజు పొద్దున్నే హాల్లో మూడు చోట్ల చుక్కలు చుక్కలుగా పోసేసింది. సాయంత్రం డాబా మీద తెల్ల టైల్స్ మీద కూర్చుని అరనిమిషం ముక్కితే వచ్చింది ఒక చెంచాడు, అది కూడా లేత గులాబీ రంగులో. దగ్గర్లో ఉన్న క్లినిక్‌లో ఇన్ఫెక్షన్ అని మూడ్రోజులు ఇంజెక్షన్లు చేశారు, తగ్గింది, ఇరవై రోజులకి మళ్ళీ మొదలు, మళ్ళీ మూడ్రోజులు, మళ్ళీ తగ్గింది, మళ్ళీ వచ్చింది. మూడోసారికి విజయవాడ నుంచి గన్నవరం వెటర్నరీ కాలేజీ ఆస్పత్రికి తీసుకెళ్ళి ఎక్స్‌రే తీయిస్తే బ్లాడర్‌లో తెల్లగా రెండు శనగగింజలంత, ఒకటి చింతపిక్కంత కనిపించాయి.

దానికి ఆపరేషన్ లేకుండానే తగ్గింది, తిండీ మందులతోనే. కానీ అదే తిండి మా అన్నయ్య వాళ్ళ షిట్జూ బ్రూనోకి పెడితే పనిచెయ్యకపోగా రెండు నెలలు వృథా అయ్యి చివరికి పాస్ ఆగిపోయి ప్రాణం మీదకొచ్చింది. రెండూ బ్లాడర్ రాళ్ళే, రెండింటికీ రక్తం పడింది, రెండూ ముక్కాయి, కానీ రాయి వేరు. అందుకే ఇది రాస్తున్నా, ఏ ఫుడ్ పెట్టాలి అనేది చివరి ప్రశ్న, అది ఏ రాయి అనేది మొదటి ప్రశ్న. ఒక రాయిని కరిగించే తిండి ఇంకో రాయికి అస్సలు పనికిరాదు, ఒక్కోసారి అదే కొత్త రాయికి దారి తీస్తుంది.

అన్నిటికంటే ముందు: పాస్ వస్తోందా లేదా?

ఇది చదువుతూ చదువుతూ మీ కుక్క ముక్కుతోంది కానీ చుక్క కూడా రావట్లేదు అనిపిస్తే ఫోన్ పక్కన పెట్టి ముందు హాస్పిటల్‌కి బయల్దేరండి. ముఖ్యంగా మగ కుక్కలు. మగ కుక్క అంగంలో సన్నటి ఎముక ఒకటి ఉంటుంది, మూత్రనాళం ఆ ఎముక గాడిలోంచి పోతుంది, అక్కడ నాళం సాగదు కాబట్టి చిన్న రాయి అయినా సరిగ్గా దాని వెనకాల ఇరుక్కుంటుంది. పాస్ పూర్తిగా ఆగిపోతే రక్తంలో పొటాషియం పెరిగి గుండె లయ తప్పుతుంది, ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం పోవచ్చు. వాంతులు, తిండి మానేయడం, పొట్ట ముట్టుకుంటే అరవడం, నీరసంగా మూలన పడుకోవడం కనిపిస్తే ఇక ఆలోచించక్కర్లేదు. పొట్ట నొక్కి పోయించాలని చూడకండి, నిండిన బ్లాడర్ పగిలిపోవచ్చు. కడుపునిండా నీళ్ళు పట్టించడం కూడా వద్దు, దారి మూసుకున్నాక లోపలికి పోసి లాభం లేదు. ఈ దశలో తిండి వైద్యం అనేదే లేదు.

మొదటి అడుగు: శాంపిల్ సరిగ్గా పట్టడం

ఇది చిన్న విషయంలా ఉంటుంది కానీ ఇక్కడే సగం తప్పులు జరుగుతాయి. మేము పాత స్టీల్ గరిటె ఒకటి, పొడుగు కాడది, దీనికోసమే పక్కన పెట్టుకున్నాం. వేడినీళ్ళతో కడిగి ఆరబెట్టి, పొద్దున్నే ఏమీ తినకముందు బయటికి తీసుకెళ్ళి, చిట్టి కూర్చోగానే వెనక నుంచి మెల్లగా కిందకి తోస్తా. మొదటి రెండ్రోజులు గరిటె చూసి లేచిపోయింది, తర్వాత అలవాటు పడింది. మగవాటికి ఇంకా తేలిక, ఒక డబ్బా చాలు.

పట్టిన శాంపిల్ అరగంట, మహా అయితే గంట లోపల పరీక్షకి వెళ్ళాలి. చాలామంది ఫ్రిజ్‌లో పెట్టి సాయంత్రం తీసుకెళ్తారు, చల్లదనానికి మామూలు మూత్రంలో కూడా క్రిస్టల్స్, అంటే కంటికి కనపడనంత చిన్న ఖనిజాల పలుకులు, కడతాయి, రిపోర్టులో క్రిస్టల్స్ ఉన్నాయని వస్తుంది, లేని జబ్బుకి ఫుడ్ కొంటాం. తిన్న తర్వాత పట్టినా పీహెచ్ (మూత్రం ఆమ్లంగా ఉందా క్షారంగా ఉందా చెప్పే అంకె, 7 కంటే తక్కువైతే ఆమ్లం) కాస్త పెరిగి కనిపిస్తుంది, అందుకే పరగడుపున.

రిపోర్టులో మీరు చూడాల్సినవి మూడు. పీహెచ్ ఎంత, స్పెసిఫిక్ గ్రావిటీ ఎంత అంటే మూత్రం ఎంత చిక్కగా ఉంది అని, ఇంకా క్రిస్టల్స్ ఏ రకం. నేను ఇక్కడ చెప్పే రాళ్ళు నాలుగు రకాలు: స్ట్రువైట్, కాల్షియం ఆక్సలేట్, యూరేట్, సిస్టీన్. మైక్రోస్కోపు కింద స్ట్రువైట్ ఇంటి పైకప్పులా పలకలుగా కనిపిస్తుంది, కాల్షియం ఆక్సలేట్‌లో ఒక రకం పోస్టు కవరు వెనక వైపులా ఇంటూ గుర్తుతో ఉంటుంది, సిస్టీన్ ఆరు భుజాల బిళ్ళలా, యూరేట్ జాతిది గోధుమ రంగులో ముళ్ళు ముళ్ళుగా అచ్చం ఉమ్మెత్తకాయలా ఉంటుంది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. క్రిస్టల్స్ ఉన్నంత మాత్రాన రాయి ఉన్నట్టు కాదు. ఏ బాధా లేని ఆరోగ్యమైన కుక్క మూత్రంలో కొద్దిగా స్ట్రువైట్ క్రిస్టల్స్ కనిపించడం మామూలే, దానికి వైద్యం అక్కర్లేదు. అలాగే క్రిస్టల్ ఒక రకం, లోపల రాయి ఇంకో రకం కూడా ఉండొచ్చు. ఒక్క మైక్రోస్కోపు రిపోర్టు పట్టుకుని ఫుడ్ మార్చెయ్యకండి.

రెండో అడుగు: ఎక్స్‌రే, స్కాన్, కల్చర్

స్ట్రువైట్, ఆక్సలేట్ రెండూ ఎక్స్‌రేలో తెల్లగా కనపడతాయి. యూరేట్, సిస్టీన్ చాలాసార్లు ఎక్స్‌రేకి దొరకవు, వాటికి అల్ట్రాసౌండ్ కావాలి. ఎక్స్‌రే క్లియర్ అన్నారు కాబట్టి రాయి లేదు అనుకోకండి, లక్షణాలు పోకపోతే స్కాన్ అడగండి. మగ కుక్కకి ఎక్స్‌రే తీసేటప్పుడు పొట్ట ఒక్కటే కాకుండా మూత్రనాళం మొత్తం, ఆ ఎముక దాకా వచ్చేలా తీయమని అడగండి.

కల్చర్ అనేది మేము మొదట్లో చేయించని పరీక్ష, చేయించి ఉంటే రెండు నెలలు కలిసొచ్చేవి. డాక్టర్ గారు పొట్ట మీద నుంచి సన్నటి సూదితో బ్లాడర్‌లోంచే మూత్రం తీస్తారు, చూడ్డానికి భయం వేస్తుంది కానీ చిట్టి కదల్లేదు కూడా. ఏ బాక్టీరియా, దానికి ఏ యాంటీబయాటిక్ పనిచేస్తుంది అనేది అందులో తేలుతుంది. యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే కల్చర్ ఇవ్వాలి, మొదలుపెట్టాక ఇస్తే సరిగ్గా రాకపోవచ్చు.

మూడో అడుగు: ఏ రాయి అయ్యుంటుంది?

రాయి చేతికి వచ్చేదాకా నూటికి నూరుపాళ్ళు చెప్పలేం, కానీ డాక్టర్లు కొన్ని కలిపి చూసి బాగా దగ్గరగా అంచనా వేస్తారు. ఆడ కుక్క, ఇన్ఫెక్షన్ ఉంది, పీహెచ్ 7 దాటింది, ఎక్స్‌రేలో రాయి కనపడుతోంది అంటే స్ట్రువైట్ వైపు చూడాలి. మగది, చిన్న జాతి, షిట్జూ, పొమెరేనియన్, లాసా, యార్క్‌షైర్, మినియేచర్ ష్నౌజర్ లాంటిది, నడివయసు దాటింది, ఇన్ఫెక్షన్ లేదు, మూత్రం ఆమ్లంగా ఉంది, రాయి ఎక్స్‌రేలో గట్టిగా మెరుస్తోంది అంటే కాల్షియం ఆక్సలేట్. డాల్మేషియన్ అయితే ముందు యూరేట్ అనుమానించాలి. మాస్టిఫ్, బుల్‌డాగ్, డాక్స్‌హండ్ లాంటి జాతుల్లో కుటుంబ నియంత్రణ ఆపరేషన్ (వృషణాలు తీసేయడం) కాని మగవాటికి సిస్టీన్ రావచ్చు. ఇంగ్లీష్ బుల్‌డాగ్‌కి యూరేట్ కూడా వస్తుంది, కాబట్టి జాతి ఒక్కటి చూసి తేల్చడానికి లేదు.

అమెరికాలో మిన్నెసోటా యూనివర్సిటీ వాళ్ళు 1981 నుంచి జంతువుల రాళ్ళని పరీక్షిస్తున్నారు, మొదట్లో వాళ్ళకి వచ్చిన కుక్కల రాళ్ళలో స్ట్రువైట్‌దే పెద్ద వాటా, ఆక్సలేట్ చాలా తక్కువ, తర్వాతి ఏళ్ళలో ఆక్సలేట్ బాగా పెరిగింది. అందుకే పాత రోజుల్లోలా రాయి అనగానే స్ట్రువైటే అనుకుని పుల్లటి మందులు, ఆమ్లం చేసే తిండి ఇచ్చెయ్యడం ఇప్పుడు ప్రమాదం.

రాయి ఏదైనా చెయ్యాల్సింది: నీళ్ళు

అన్ని రాళ్ళకీ ఉమ్మడి మందు ఇదొక్కటే. మూత్రం పల్చగా ఉంటే అందులో ఖనిజాలు గడ్డకట్టడానికి చోటుండదు, ఎక్కువసార్లు పోస్తుంది కాబట్టి చిన్న చిన్న క్రిస్టల్స్ బయటికి కొట్టుకుపోతాయి. స్పెసిఫిక్ గ్రావిటీ 1.020 కంటే తక్కువ ఉండేలా చూసుకోవడం లక్ష్యం. చిట్టిది మొదటి రిపోర్టులో 1.045 ఉంది.

కుక్కకి మామూలుగా రోజుకి కిలో బరువుకి 50 నుంచి 60 మిల్లీలీటర్ల నీళ్ళు కావాలి, తిండిలో ఉన్నది కూడా కలుపుకుని. చిట్టికి 9 కిలోలకి 500 దగ్గర. నేను పొద్దున్నే లీటరు బాటిల్‌తో కొలిచి గిన్నెలో పోసి, రాత్రి మిగిలింది మళ్ళీ కొలిచేదాన్ని, వారం రోజులు చేస్తే అది తాగుతోంది 250 కూడా లేదని తేలింది. ఎప్పుడూ గిన్నె నిండుగా ఉంటుంది కదా తాగుతోందిలే అనుకున్నాం ఇన్నేళ్ళూ.

తాగమని కుక్కని బతిమాలలేం కాబట్టి తిండిలో కలపాలి. కిబుల్‌లో, అంటే పొడి గింజల్లా ఉండే డాగ్ ఫుడ్‌లో, నీరు 10 శాతం దగ్గర ఉంటుంది, డబ్బా తడి ఫుడ్‌లో 75 శాతం పైనే. కప్పు కిబుల్‌కి కప్పు నుంచి కప్పున్నర గోరువెచ్చని నీళ్ళు పోసి పది నిమిషాలు నాననిచ్చి పెట్టండి. మొదటిరోజే అంత పోస్తే కొన్ని తినవు, పావు కప్పుతో మొదలుపెట్టి వారంలో పెంచండి. ఎముకల్లేని చికెన్ ఉడికించిన నీళ్ళు, ఉప్పు లేకుండా, ఉల్లి వెల్లుల్లి అస్సలు లేకుండా, రెండు చెంచాలు తాగేనీళ్ళలో కలిపితే గిన్నె నాకేస్తాయి, ఉల్లి వెల్లుల్లి కుక్కలకి విషం కాబట్టి మన ఇంటి కూర పులుసు మాత్రం వద్దు. యూరేట్ రాళ్ళున్న కుక్కకి, కరిగించే ఫుడ్ మీద ఉన్న కుక్కకి ఈ చికెన్ నీళ్ళు కూడా వద్దు, ఉత్త నీళ్ళే. ఇంట్లో నాలుగు చోట్ల గిన్నెలు, రోజుకి రెండుసార్లు మార్చడం, ఎండాకాలం ఒక గిన్నెలో ఐస్ ముక్క, ఇవన్నీ పనిచేస్తాయి. ఉప్పు వేస్తే దాహం వేస్తుంది కదా అని మీరే వెయ్యకండి, ఉప్పు ఎక్కువైతే మూత్రంలోకి కాల్షియం కూడా ఎక్కువ పోతుంది, గుండె కిడ్నీ జబ్బులున్న వాటికి ఇంకా చెడ్డది.

నీళ్ళు పెంచాక బయటికి తీసుకెళ్ళడం కూడా పెంచాలి. అపార్ట్‌మెంట్లలో పొద్దున ఒకసారి రాత్రి ఒకసారి దింపుతారు, పన్నెండు గంటలు ఆపుకున్న మూత్రంలోనే రాయి పెరుగుతుంది. కనీసం నాలుగైదు సార్లు.

స్ట్రువైట్ అయితే: కరిగించొచ్చు

కుక్కల్లో స్ట్రువైట్ ఎక్కువగా ఇన్ఫెక్షన్ వల్లే వస్తుంది. కొన్ని రకాల బాక్టీరియా మూత్రంలో ఉన్న యూరియాని విరగ్గొట్టి అమ్మోనియా చేస్తాయి, పీహెచ్ పెరుగుతుంది, అప్పుడు మెగ్నీషియం, అమ్మోనియం, ఫాస్ఫేట్ కలిసి గడ్డకడతాయి. బాక్టీరియా ఆ రాయి పొరల్లోనే దాక్కుంటుంది. మూడ్రోజుల ఇంజెక్షన్లకి చిట్టికి తగ్గినట్టే తగ్గి మళ్ళీ ఎందుకొచ్చిందో ఇది తెలిశాక అర్థమైంది, పైనున్నవి చచ్చాయి, రాయి లోపలివి బతికున్నాయి.

కరిగించే ఫుడ్ అంటే వెటర్నరీ కంపెనీలు దీనికోసమే చేసేది, హిల్స్, రాయల్ కానిన్, ఫార్మినా లాంటి వాళ్ళ ప్రిస్క్రిప్షన్ లైన్లలో దొరుకుతుంది, పేరులో యూరినరీ అని ఉన్న ప్రతిదీ కరిగించేది కాదు, డాక్టర్ రాసిందే కొనండి. ఇందులో మెగ్నీషియం ఫాస్ఫరస్ తక్కువ, ప్రోటీన్ అదుపులో ఉంటుంది, మూత్రాన్ని ఆమ్లం వైపు తెస్తుంది, దాహం పెంచుతుంది. దీన్ని ఇంట్లో వండి సాధించలేం, నేను ప్రయత్నిద్దామనుకుని డాక్టర్ గారిని అడిగితే స్పష్టంగా వద్దన్నారు. అమెరికా వెటర్నరీ ఇంటర్నల్ మెడిసిన్ నిపుణులు 2016లో ఇచ్చిన సూచనల్లో కూడా స్ట్రువైట్ అనిపిస్తే కోత కంటే ముందు కరిగించే ప్రయత్నమే చెయ్యమన్నారు.

పద్ధతి ఇలా. పాత ఫుడ్‌లోంచి వారం రోజుల్లో మెల్లగా మార్చండి. మారాక ఇక అదొక్కటే, బిస్కెట్ లేదు, పెరుగన్నం లేదు, గుడ్డు లేదు, డెంటల్ స్టిక్ కూడా లేదు. కల్చర్ ప్రకారం యాంటీబయాటిక్ డాక్టర్ చెప్పినన్నాళ్ళు, మధ్యలో లక్షణాలు తగ్గాయని ఆపకుండా. నాలుగు వారాలకోసారి ఎక్స్‌రే. కొన్ని రాళ్ళు కొద్ది వారాల్లోనే పోతాయి, పెద్దవి రెండు మూడు నెలలు పడతాయి. ఎక్స్‌రేలో కనపడటం మానేశాక కూడా ఇంకో నెల దాకా ఫుడ్ కొనసాగించాలి, కంటికి కనపడనంత ముక్కలు మిగిలి ఉంటాయి, అవే మళ్ళీ విత్తనాలవుతాయి.

చిట్టికి మొదటి నెల ఎక్స్‌రేలో సగానికి తగ్గాయి. రెండో నెలలో కొంచెం కూడా మారలేదు. డాక్టర్ గారు అడిగిన మొదటి ప్రశ్న ఇంట్లో ఇంకెవరైనా ఏమైనా పెడుతున్నారా అని. కనుక్కుంటే అత్తయ్య గారు రోజూ సాయంత్రం రెండు ముద్దల పెరుగన్నం, పాలల్లో ముంచిన బిస్కెట్ పెడుతున్నారు, పాపం పిల్ల ఒకే తిండి తిని చిక్కిపోతోందని. ప్రేమే కదా, ఏమనగలం. అప్పుడు చేసిన పని చెప్తా, మీ ఇంట్లో కూడా పెద్దవాళ్ళుంటే పనికొస్తుంది. రోజువారీ కొలతలోంచే పిడికెడు కిబుల్ తీసి ఒక చిన్న స్టీల్ డబ్బాలో వేసి అత్తయ్య గారి మంచం పక్కన పెట్టాం, ఇది మీరు పెట్టాల్సింది, దీని మందు ఇదే అని చెప్పాం. ఆ రోజు నుంచి ఆవిడే టైముకి పెట్టేవారు, ఎవరైనా బిస్కెట్ ఇస్తుంటే ఆవిడే ఆపేవారు. మూడో ఎక్స్‌రేకి బ్లాడర్ ఖాళీ.

మారకపోతే కారణం ఈ మూడింట్లో ఒకటి ఉంటుంది: వేరే తిండి పడుతోంది, ఇన్ఫెక్షన్ అదుపులోకి రాలేదు, లేదా అది అసలు స్ట్రువైట్ కాదు, పైన స్ట్రువైట్ పొర లోపల ఇంకోటి ఉండొచ్చు. అప్పుడు ఇంకో నెల చూద్దాం అని లాగకండి.

అందరికీ ఈ ఫుడ్ పడదు. పిల్లలకి, కడుపుతో ఉన్నవాటికి, పాలిస్తున్న వాటికి, గుండె కిడ్నీ జబ్బులున్న వాటికి వద్దు. కొన్నిట్లో కొవ్వు ఎక్కువ కాబట్టి పాంక్రియాటైటిస్ (క్లోమం వాపు) వచ్చిన చరిత్ర ఉంటే ముందే చెప్పండి. మగ కుక్కల్లో రాయి చిన్నదయ్యాక జారి నాళంలో ఇరుక్కునే ప్రమాదం ఉంది, రోజూ ధార ఎలా వస్తోందో చూస్తూ ఉండాలి. ఆ తర్వాత జీవితాంతం ఈ ఫుడ్ అక్కర్లేదు, ఇన్ఫెక్షన్ మళ్ళీ రాకుండా చూసుకోవడమే అసలు నివారణ.

ఆక్సలేట్ అయితే: కరగదు, మళ్ళీ రాకుండా ఆపడమే

అన్నయ్య వాళ్ళు హైదరాబాద్‌లో ఉంటారు. బ్రూనోకి రక్తం పడుతోందని వదిన ఫోన్ చేస్తే, చిట్టికి తగ్గిన సంతోషంలో నేనే మిగిలిన సగం బస్తా ఫుడ్ పంపించా. అది నా తప్పు, ఇప్పటికీ బాధగానే ఉంటుంది. రెండు నెలలు పెట్టారు, మధ్యలో ఎక్స్‌రే తీయించలేదు, ఒకరోజు రాత్రి పాస్ ఆగిపోయింది. ఎమర్జెన్సీలో ట్యూబ్‌తో నీళ్ళు కొట్టి రాయిని వెనక్కి బ్లాడర్‌లోకి తోసి, మర్నాడు ఆపరేషన్ చేసి తొమ్మిది రాళ్ళు తీశారు, మిరియం గింజలంత, పైన ముళ్ళు ముళ్ళుగా. పరీక్షకి పంపితే కాల్షియం ఆక్సలేట్. దాన్ని కరిగించే తిండి గానీ మందు గానీ లేవు. తియ్యాలి, అంతే. చిన్నవైతే మత్తిచ్చి బ్లాడర్ నింపి నొక్కి బయటికి పంపే పద్ధతి ఉంది, పెద్ద సెంటర్లలో లేజర్ ఉంటుంది, లేకపోతే ఆపరేషన్.

ఆపరేషన్ అయితే రెండు అడగండి. కుట్లేశాక ఇంకో ఎక్స్‌రే, ఒక్క రాయి కూడా మిగల్లేదని చూసుకోవడానికి. ఇంకా రాళ్ళని పారెయ్యకుండా పొడి శుభ్రమైన డబ్బాలో పెట్టి పరీక్షకి పంపమని, శాంపిళ్ళు పాడవకుండా వాడే ఫార్మలిన్‌ ద్రవంలో వెయ్యకూడదు, దానివల్ల రాయి స్వభావం మారిపోవచ్చు.

ఆ తర్వాత మొదలవుతుంది అసలు పని, ఎందుకంటే ఆక్సలేట్ వచ్చిన కుక్కల్లో దాదాపు సగానికి రెండు మూడేళ్ళలో మళ్ళీ వస్తుంది. ముందు రక్తంలో కాల్షియం చూడాలి, అది ఎక్కువుంటే దాని కారణం వెతకాలి, తిండితో పని జరగదు. కాల్షియం మామూలుగా ఉంటే తడి ఫుడ్, లేదా బాగా నానబెట్టిన ఫుడ్, మొత్తం తిండిలో నీరు 75 శాతం ఉండేలా. పీహెచ్ 6.5 కంటే కిందకి పడకూడదు, పడుతుంటే డాక్టర్లు పొటాషియం సిట్రేట్ ఇస్తారు, అదీ వాళ్ళ లెక్క ప్రకారమే.

మన వంటింట్లోంచి ఆపాల్సినవి చాలా ఉన్నాయి. ఆకుకూర మంచిదని పాలకూర, తోటకూర, చుక్కకూర, గోంగూర కలిపి పెడుతుంటారు, ఆక్సలేట్ నిండా వాటిల్లోనే ఉంటుంది. చిలగడదుంప, బీట్‌రూట్, నువ్వులు, జీడిపప్పు, బాదం, వేరుశనగ, సోయా ఆపండి. రాగిజావ చాలామంది కుక్కలకి రోజూ పోస్తారు, వదిన కూడా పోసేది, రాగిలో కూడా ఆక్సలేట్ ఉంటుంది, ఆపేసింది. వరి అన్నం, చికెన్, గుడ్డు, సొరకాయ, దోసకాయ, గుమ్మడికాయ, క్యాబేజీ ఇబ్బంది లేదు. విటమిన్ సి మాత్రలు ఒంట్లో ఆక్సలేట్‌గా మారతాయి, విటమిన్ డి కాల్షియంని పెంచుతుంది, రోగనిరోధకానికి అని ఎవరు చెప్పినా ఇవ్వకండి.

కాల్షియం రాయి కదా అని కాల్షియం పూర్తిగా తీసెయ్యకండి. తిండిలో కాల్షియం ఉంటే అది పేగుల్లోనే ఆక్సలేట్‌ని పట్టుకుని మలంలో బయటికి పంపేస్తుంది, లేకపోతే ఆ ఆక్సలేట్ రక్తంలోకి వెళ్ళి మూత్రంలోకి వస్తుంది. సరిపడా ఉండాలి, అదనపు సప్లిమెంట్ వద్దు.

యూరేట్, సిస్టీన్ గురించి కొంచెం

డాల్మేషియన్లలో దాదాపు అన్నిటికీ పుట్టుకతోనే యూరిక్ యాసిడ్‌ని సరిగ్గా మార్చుకోలేని జన్యులోపం ఉంటుంది. వేరే జాతిలో యూరేట్ వస్తే లివర్‌కి వెళ్ళాల్సిన రక్తం పక్కదారి పట్టే జబ్బు ఉందేమో చూడాలి, లివర్ పనితీరు చూసే బైల్ యాసిడ్స్ పరీక్ష అడగండి. తిండిలో ప్యూరిన్ (ఒంట్లో యూరిక్ యాసిడ్‌గా మారే పదార్థం) తగ్గించాలి, అంటే కార్జం, కందనకాయలు, గుండెకాయ, నెత్తళ్ళు, ఎండుచేపలు బంద్. బొచ్చు మెరవడానికని ఇచ్చే ఈస్ట్ మాత్రలు కూడా. ప్రోటీన్ గుడ్డు, పనీర్ నుంచి రావచ్చు. మూత్రం పీహెచ్ 7 పైన ఉండాలి, అంటే స్ట్రువైట్‌కి సరిగ్గా రివర్స్. యూరిక్ యాసిడ్ తగ్గించే అల్లోప్యురినాల్ మందు ఇస్తే తప్పనిసరిగా తక్కువ ప్యూరిన్ తిండి తోడుండాలి, లేకపోతే క్సాంథీన్ అనే ఇంకో రాయి వస్తుంది.

సిస్టీన్‌కి మాంసం ప్రోటీన్ తగ్గించడం, నీళ్ళు, పీహెచ్ పెంచడం, చాలా మగ కుక్కల్లో కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయిస్తే బాగా తగ్గుతుంది.

ఉలవచారు, కొండపిండాకు, అరటి దూట

పక్కింటి బాబాయ్ గారు ప్రేమగా కొండపిండాకు తెచ్చిచ్చారు, ఇంకొకరు ఉలవచారు పట్టించమన్నారు, అరటి దూట రసం అన్నవాళ్ళూ ఉన్నారు. మనుషుల్లో తరతరాలుగా వాడుతున్నవి, కాదనను. కానీ కుక్కల బ్లాడర్‌లో రాయిని ఇవి కరిగిస్తాయనడానికి ఆధారం లేదు, ఆక్సలేట్‌ని కరిగించేది ఏదీ లేదు కూడా. ఉలవచారులో చింతపండు, ఉప్పు, కారం, ఉల్లి, వెల్లుల్లి ఉంటాయి, అది కుక్కకి పెట్టేదే కాదు. వీటితో పోయేది డబ్బు కాదు, రోజులు, ఆ రోజుల్లో లోపల రాయి పెరుగుతుంది.

తర్వాత చూసుకోవాల్సింది

ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. తేదీ, బరువు, తాగిన నీళ్ళు, ఎన్నిసార్లు పోసింది, రంగు. ఇంట్లో డిప్‌స్టిక్‌లతో (మూత్రంలో ముంచి రంగు చూసే పట్టీలు) పీహెచ్ చూసుకోవచ్చు, కానీ చిక్కదనానికి ఆ స్టిక్ గడిని నమ్మకండి, కుక్కలకి అది సరిగ్గా చూపించదు, క్లినిక్‌లో రిఫ్రాక్టోమీటర్‌తోనే చూపించండి. స్ట్రువైట్ తగ్గినవాటికి నెలకి ఒకసారి యూరిన్ టెస్ట్ కొన్నాళ్ళు, ఆపైన లక్షణం కనపడగానే కల్చర్. ఆక్సలేట్ వచ్చినవాటికి మూడు నుంచి ఆరు నెలలకోసారి ఎక్స్‌రే, బాగున్నా సరే, ఎందుకంటే రాయి చిన్నగా ఉన్నప్పుడే దొరికితే ఆపరేషన్ లేకుండా బయటికి పంపొచ్చు. ప్రైవేట్‌లో ఖర్చు భారం అనుకునేవాళ్ళు రాజేంద్రనగర్, గన్నవరం, తిరుపతి వెటర్నరీ కాలేజీ ఆస్పత్రుల్లో కనుక్కోండి.

బ్రూనో ఆపరేషన్ అయ్యి పద్నాలుగు నెలలైంది. పోయిన నెల ఎక్స్‌రేలో ఆవగింజంత చుక్క ఒకటి కనిపించింది, మత్తిచ్చి బ్లాడర్ నొక్కి బయటికి తీసేశారు, సాయంత్రానికి ఇంటికొచ్చేశాడు. ఆ చుక్కని వదిన చిన్న డబ్బాలో వేసి పరీక్షకి ఇచ్చింది, రిపోర్టు ఇంకా రావాలి.